డబ్బులు కట్టి ఆడే పంది వేట మనకొద్దు



ఈమధ్య మనోళ్ల ఫోన్లలో అమెరికా పంది వేట వీడియోలు తెగ తిరుగుతున్నాయి. టెక్సాస్‌లో ఇది పెద్ద వ్యాపారం. గైడ్ ముందు నడుస్తాడు. మెడకు జీపీఎస్ పట్టీలు కట్టిన కుక్కలు పందిని వెతికి, చుట్టూ చేరి మొరుగుతాయి. తర్వాత బలమైన పట్టుడు కుక్కల్ని వదులుతారు. అవి పందిని అదిమి పట్టుకుంటే, డబ్బులు కట్టిన అతిథి వచ్చి కత్తితో పొడుస్తాడు. ఒక్కొక్కరి దగ్గర వందల డాలర్లు తీసుకుంటారు. ఇది చూసి మనలో కొందరు "మన తాతలు చేసిందీ ఇదే కదా, అరకు వచ్చే టూరిస్టులకి మనం కూడా పెడితే నాలుగు డబ్బులొస్తాయి" అంటున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఒకటి. అక్కడి పంది ఆ అడవిది కాదు. 1500ల్లో స్పెయిన్ వాళ్లు తెచ్చిన పెంపుడు పందులు తప్పించుకుని అడవిపాలయ్యాయి. 1930ల్లో వేట సరదా కోసం యూరప్ అడవి పందుల్ని కూడా తెచ్చి వదిలారు. అవి నేలనంతా నాశనం చేస్తున్నాయి కాబట్టే టెక్సాస్‌లో 2019 నుంచి భూమి యజమాని ఒప్పుకుంటే చాలు, వాటి వేటకి లైసెన్స్ కూడా అక్కర్లేదు. మన పంది అలా కాదు. అది ఈ కొండల్లోనే పుట్టింది. పులికి, చిరుతకి, రేచుకుక్కకి అది తిండి.

రెండు. వేటని వ్యాపారం చేస్తే పందులు తగ్గుతాయనుకోవద్దు. అమెరికాలోనే టెన్నెసీ రాష్ట్రం పందుల్ని తగ్గించాలని 1999లో రాష్ట్రమంతా వేట తెరిచింది. జరిగింది రివర్స్. వేట సరదా ఉన్నవాళ్లు పందుల్ని పట్టుకెళ్లి కొత్త కొత్త చోట్ల వదిలారు. పందులు ఇంకా పాకాయి. చివరికి 2011లో ఆ సరదా వేటని ఆపేశారు. పంది మీద బతికే వ్యాపారానికి పంది ఉండాలి కదా మరి!

మూడు. ఇటుకల పండగకి మన పెద్దలు వేటకెళ్తే ఊరు ఊరంతా కదిలేది. దొరికిన మాంసంలో ప్రతి ఇంటికీ వాటా. ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేసేవాళ్లు. అందులో టికెట్ లేదు, ఫొటో కోసం చంపడం లేదు. ఆ వేటని ముక్కలు చేసి టూరిస్టుకి అమ్మితే మిగిలేది మన పేరు ఒక్కటే.

నాలుగు. చట్టం. 1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. తరమడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, చివరికి ప్రయత్నించడం కూడా వేటే. "చంపం, కుక్కలతో తరిమి చూపిస్తాం అంతే" అన్నా కేసే. మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడొచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా మన సంప్రదాయ హక్కులన్నీ ఒప్పుకుని వేటని మాత్రం పక్కన పెట్టింది. టూరిస్టు కారెక్కి వెళ్లిపోతాడు. కేసు పడేది కుక్క తాడు పట్టుకున్న మన తమ్ముడి మీద.

అలాగని పంది బాధ లేదనట్లేదు. మంచె మీద రాత్రంతా డబ్బా కొట్టినా తెల్లారేసరికి కంద, మొక్కజొన్న, వరి దున్నేసి పోతాయి. ఆ కడుపుమంటతోనే కొందరు కరెంటు తీగలు పెడుతున్నారు, వాటికి మనుషులు కూడా బలైపోతున్నారు. కానీ దారి అది కాదు. పంటకు నష్టం చేసే పందిని చంపడానికి రాతపూర్వక అనుమతి ఇచ్చే వీలు 11వ సెక్షన్‌లోనే ఉంది. కేరళలో 2022లో ఆ అధికారం పంచాయతీ అధ్యక్షుల దాకా తెచ్చారు. మన దగ్గర షెడ్యూల్డ్ ప్రాంతం ఉంది, పెసా ఉంది, గ్రామసభ ఉంది. మరి ఏ చేనులో ఎంత నష్టమైందో, ఏ పందిని ఆపాలో గ్రామసభ ఎందుకు చెప్పకూడదు? మనం గట్టిగా అడగాల్సింది ఇది, టూరిస్టు వేట కాదు.

ఇక పని సంగతి. అడుగుజాడ చూసి ఏ జంతువు, ఎప్పుడు వెళ్లిందో చెప్పే విద్య మన పెద్దల దగ్గర ఇంకా ఉంది. దాంతో చంపకుండానే అడవి చూపించొచ్చు. మారేడుమిల్లిలో మన ఆదివాసీలే నడిపే ఎకో టూరిజం ఉంది, ఒకసారి వెళ్లి చూడండి. ఆ పని నేర్చుకుందాం.

ఈసారి సెలవులకి ఊరెళ్తే రెండు పనులు చేయండి. పంది తిన్న చేను ఫొటోలు, ఎన్ని సెంట్లు పోయిందో లెక్క రాసి గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఇంట్లో తాతను కూర్చోబెట్టుకుని అడుగుజాడలు చదవడం నేర్చుకోండి. తాత వెళ్లిపోతే ఆ విద్య మళ్లీ దొరకదు.

జై ఆదివాసీ.