కవిగారి పేరు చెప్పారా?

కొత్త పథకానికి ‘నాంది’ పలికారు. పాత వివాదానికి ‘భరతవాక్యం’ పలికారు. దోపిడీ కేసులో అసలు ‘సూత్రధారి’ దొరికాడు... రోజూ పేపర్లో చూసే మాటలే. ఇవన్నీ సంస్కృత నాటకాల్లోంచి వచ్చినవే!

నాటకం మొదట్లో దేవుణ్ని తలచుకుంటూ చదివే శ్లోకం నాంది. అది అవగానే సూత్రధారుడు వస్తాడు. నటితోనో, తోటి నటుడితోనో కబుర్లు మొదలుపెడతాడు. ఆ కబుర్లలోనే ఇవాళ ఆడబోయే నాటకమేమిటో, రాసిందెవరో చెప్పేస్తాడు. దానిపేరే ప్రస్తావన. మన సినిమాకి టైటిల్స్ లాంటిదన్నమాట.

‘మాళవికాగ్నిమిత్రం’ ప్రస్తావనలో ఓ చిన్న గొడవ జరుగుతుంది. భాసుడు, సౌమిల్లుడు, కవిపుత్రుడు లాంటి పేరున్నవాళ్లు ఉండగా ఇప్పటివాడైన కాళిదాసు నాటకం ఎందుకని తోటి నటుడు నిలదీస్తాడు. పాతా కొత్తా కాదు, మంచీ చెడూ చూసి మాట్లాడమంటాడు సూత్రధారుడు. కాళిదాసంతటి వాడికీ ‘ఎవరితను?’ అన్న ప్రశ్న తప్పలేదు!

మరి అంత పేరున్న భాసుడి సంగతి?

ఆయన నాటకాలు తర్వాత పండితుల కంటపడకుండా పోయాయి. శతాబ్దాలపాటు ఆయన బతికింది ఇలా ఇతరులు రాసిన మాటల్లోనే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తిరువాన్కూరు సంస్థానంలో పాత తాళపత్రాలు బయటపడ్డాయి. వాటిలోని 13 నాటకాలను భాసుడివిగా గుర్తించి, 1912 నుంచి ప్రచురించారు పండితుడు టి.గణపతి శాస్త్రి. ‘స్వప్నవాసవదత్తం’ వాటిలో ఒకటి.

అందరూ సంబరపడ్డారు. అంతలోనే వాదన మొదలైంది. ఇవన్నీ నిజంగా భాసుడివేనా అని! వందేళ్లు దాటినా అది పూర్తిగా తెగలేదు. అందుకో పెద్ద కారణం... ఆ నాటకాల ప్రస్తావనల్లో కవి పేరు లేకపోవడమే. సూత్రధారుడు ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత తగువుండేది కాదు.

మనమేమో పుస్తకం తెరవగానే ముందుమాట తిప్పేస్తాం. టైటిల్స్ అయ్యాక తీరిగ్గా హాల్లోకి వెళతాం. ఈసారి పిల్లలు కథ పైకి చదువుతుంటే, రాసినవాళ్ల పేరుతోనే మొదలుపెట్టమనండి. అర నిమిషం పట్టదు. పాపం, భాసుడికి దక్కనిది ఆ అర నిమిషమే!