డ్రిల్లుకు రానివాడు సోమరి కాదు

పోయిన సంచికలో మెస్ చారు మీద రాస్తే అందరు నవ్విన్రు. ఇది నవ్వేది కాదు, జర నిలబడి చదవాలె.

నాకు సికిల్ సెల్ ఉన్నది. ఇంతకు ముందు చదివిన బడిల, చలికాలం పొద్దుగాల మోకాళ్లు పట్టుకొని పండుకుంటే "డ్రిల్లు ఎగ్గొట్టే వేషాలు" అన్నరు. గ్రౌండు చుట్టు ఉరికిచ్చిన్రు. ఆ రాత్రి నొప్పికి బాపును పిలిపించాల్సి వచ్చింది. ఆ సారు చెడ్డోడు కాదు, ఆయనకు తెల్వదు. తెల్వకపోవుడే నా ఫిర్యాదు.

హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అని ఉంటది. దాంట్ల ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, గుండ్రటి ఎర్ర రక్తకణం కొడవలి తీరు వంగుతది. సన్న నాళాలల్ల ఇరుక్కుంటది. ఇరుక్కున్న కాడ నొప్పి. మామూలు కణం 120 రోజులు బతికితే వంగినది 10, 20 రోజులే. అందుకే మాకు కండ్లు పచ్చబడతయి, తొందరగ అలసిపోతం.

కాని ఈ జబ్బుతో పుట్టిన పసిపిల్లలకు మొదటి నెలలల్ల నొప్పులు రావు. ఎందుకు? 1948లో అమెరికాలో జానెట్ వాట్సన్ అనే డాక్టరమ్మ దీని కారణం పట్టుకున్నది. కడుపులో ఉన్న శిశువు హిమోగ్లోబిన్ వేరు. దాంట్ల బీటా బదులు గామా గొలుసు ఉంటది, అది వంగనియ్యదు. పుట్టినంక కొన్ని నెలలకు అది తగ్గిపోయి బీటా వస్తది. గామా జీన్ మాత్రం ఎటూ పోదు, స్విచ్ బందు చేసినట్టు ఉంటది. ఆ స్విచ్ బందు చేసే జీన్ బీసీఎల్11ఏ అని 2008లో తేలింది. దాని పని ఆపే వైద్యానికి 2023లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చినయి. అమెరికాలో ధర ఒక్కరికి 22 లక్షల డాలర్లు! బెల్లంపల్లి బజారు మొత్తం అమ్మినా వస్తయో రావో. 2025 నవంబరులో మన దేశ శాస్త్రవేత్తలు తయారుచేసిన జీన్ వైద్యానికి బిర్సా ముండా పేరుతోటి 'బిర్సా 101' అని పెట్టిన్రు. పేరు బాగున్నది. ఉట్నూరు దాకా రావాలె.

అప్పటిదాకా మాకు హైడ్రాక్సీయూరియా గోలీయే దిక్కు. ఇది కూడా ఆ పసినాటి హిమోగ్లోబిన్‌నే పెంచుతది. డాక్టరు చెప్పినట్టు రోజూ మింగాలె, మధ్య మధ్య రక్తపరీక్ష చేయించుకోవాలె. నేను దాన్ని ట్రంకుపెట్టెల బట్టల కింద దాచేటోన్ని. ఎవరన్న చూస్తే ఆ రోజు మానేసేటోన్ని. అట్ల మానిన చలికాలమే పైన చెప్పింది.

నా అభిప్రాయం ఏందంటే, హాస్టలు మొత్తం పరీక్ష చేయించుకోవాలె. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్‌లో 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేసి కార్డు ఇయ్యాలని పెట్టుకున్నరు. మన గోండు, కొలాం గూడేలల్ల ఈ జబ్బు ఉన్నదే కదా. "కార్డు ఉంటే పెండ్లి కాదు" అని కొందరు మిత్రులు అంటున్నరు. నేను ఒప్పుకోను. ఒక్క జీనే ఉన్నోళ్లకు మామూలుగా జబ్బు ఉండదు, పైగా మలేరియా నుంచి కొంత కాపుదల. ఇద్దరికీ ఉంటేనే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు భయం. మా అవ్వకు, బాపుకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. చెప్తే నన్ను కనకపోయేటోళ్లా? ఈ మాట అవ్వను అడగాలంటే నాకు ధైర్యం చాలదు. అయినా తెలిసి నిర్ణయం చేసుకునే హక్కు వాళ్లకు ఉండె.

ఒక షరతు. ఫలితాలు ప్రార్థనలో చదవొద్దు, నోటీసు బోర్డుకు పెట్టొద్దు. ఎవరి కార్డు వాళ్ల చేతికే ఇయ్యాలె. నాది నేను ఇష్టపడి రాసిన, అది వేరే సంగతి.

వార్డెన్ సార్లకు మనవి: చలికాలం వేడినీళ్లు, ఇంకో దుప్పటి, క్లాసుల నీళ్లసీసా పెట్టుకోనిచ్చుడు. జ్వరమో, ఛాతిల నొప్పో వస్తే తెల్లారేదాక ఆగకుండ దవాఖానకు తోలాలె.

ఇప్పుడు గోలీ రాత్రి బువ్వ తిన్నంక అందరి ముందటే వేసుకుంటున్న. మరిచిపోతే గుర్తుచేసేటోళ్లు ఇద్దరు దొరికిన్రు. అండ్ల ఒకడు చారు వ్యాసం రాసినోడే.

- 10వ తరగతి విద్యార్థి