పీజీఈసెట్ చాలులే అనుకునే మనోళ్లకు



ఎంటెక్ మాటెత్తితే మనోళ్లలో చానామంది అనేది ఒకటే: "పీజీఈసెట్‌లో మనకు కనీస మార్కులు లేవు కదా, సీటు వస్తాదిలే." నిజమే. మిగతావాళ్లకు 120కి 30 రావాలి, ఎస్సీ, ఎస్టీలకు ఆ నిబంధన లేదు. బీటెక్‌లో 45 శాతం ఉంటే చాలు, అనంతపురం జేఎన్‌టీయూకైనా అర్హులమే. ఆ సడలింపు మన హక్కు, ఎవరు ఎగతాళి చేసినా నేనొప్పుకోను. కానీ అది సీటు వరకే.

గేట్ అర్హతతో చేరినోళ్లకు ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయలిస్తుంది. రెండేళ్లకు 2,97,600. పీజీఈసెట్‌తో చేరితే ఆ డబ్బు లేదు. కౌన్సెలింగ్‌లో కూడా ముందు గేట్ వాళ్లనే పిలుస్తారు. బుడ్డల పంట ఎండిపోయి అమ్మానాయన బెంగళూరు పనికి పోయే ఇండ్లల్లో ఇది చిన్న తేడానా? సీటొచ్చినా "చదివింది చాలు, పని చూసుకో" అంటారు. వాళ్లది తప్పని నేననను.

గేట్ అంటే మనకు భయం. కానీ అక్కడా మనకు జనరల్ కటాఫ్‌లో మూడింట రెండు వంతులు చాలు, వాళ్లకు 30 అయితే మనకు 20. ఫీజు సగమే. బీటెక్ మూడో ఏడు నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. (ఈ ముక్క మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు.)

ఆ సగం ఫీజు గిరిజన సంక్షేమ శాఖే కట్టాలని నా అభిప్రాయం. కోచింగ్ సంగతి తర్వాత. దరఖాస్తులు మామూలుగా ఆగస్టు చివర్లో మొదలవుతాయి. కుల ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి, అప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగే టైముండదు.