నా ముగ్గు డబ్బా మేడెక్కింది

“అమ్మా, ముగ్గు డబ్బా ఎక్కడ పెట్టావ్?” అని మా అమ్మాయి అడిగేసరికి చేతిలో గరిటె అలాగే పట్టుకుని దాని మొహం చూశాను. సంక్రాంతికి గుమ్మంలో రెండు గీతలు గియ్యవే అంటే నడుం నొప్పి అనే పిల్ల! తీరా చూస్తే ముగ్గు గుమ్మంలోకి కాదు, మేడ మీదికి.

మా అమ్మాయి ఇక్కడే విశాఖలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. నలుగురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు కలిసి ఓ హిప్‌హాప్ జట్టు కట్టారు. వాళ్ళ భాషలో ‘క్రూ’. మాస్టారు లేరు, కెమెరా మనిషి లేడు, డబ్బు అసలే లేదు. డాన్సు వాళ్ళే కూర్చుకుంటారు, వాళ్ళే ఫోనులో తీసుకుంటారు, ముక్కలన్నీ వాళ్ళే అతికించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంటారు. అంతా కలిపి 50 సెకన్లు. “ఆ కాస్తసేపట్లో పాలు కూడా పొంగవు కదే, దీనికింత హడావుడా!” అన్నాను. అది నవ్వలేదు.

ఏడుగురూ ఒకే వరసలో నిలబడితే నిలువుగా పెట్టిన ఫోనులో చివరివాళ్ళు పట్టరు. ఫోను దూరం జరిపితే అందరూ చీమల్లా కనిపిస్తారు. అందుకని వెనక నలుగురు, ముందు ముగ్గురు. ముందువాళ్ళు వెనకవాళ్ళ సందుల్లో నిలబడితే ఏడు మొహాలూ కనిపిస్తాయి. రెండు రోజులుగా కాగితాల మీద గీసుకుని కొట్టుకుంటున్నది ఇదీ! మనం ధనుర్మాసంలో రోజూ పెట్టే సందు చుక్కే కదమ్మా! పొడి ముగ్గయితే బూట్ల కింద నిమిషంలో ఎగిరిపోయింది. నేనే బియ్యప్పిండి తడిపి చుక్కలు పెట్టి ఆరనిచ్చాను. ఇక ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టడం, మళ్ళీ ఒకటికి రావడం, ఎనిమిదికోసారి చుక్కలు మారడం. కింది ఫ్లాటువారు రెండుసార్లు పైకొచ్చి చూసి వెళ్ళారు. మొదటిసారి కోపంగా, రెండోసారి కాఫీ కప్పుతో.

మావారు పేపరు కిందికి దించి “ఎక్కడో అమెరికా గంతులు మనకెందుకు?” అన్నారు. దానికి అది చెప్పిన కథ నాకు భలే నచ్చింది. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్ అనే పేటలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని, తాముండే మేడలోనే ఓ పార్టీ పెట్టింది. టిక్కెట్టు ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50. రికార్డులు వేసింది వాళ్ళన్న, కూల్ హెర్క్. పాటలో గొంతు ఆగి వాయిద్యం ఒక్కటే మోగే ముక్క దగ్గర జనం ఎక్కువ ఊపుగా ఆడుతున్నారని కనిపెట్టి, ఒకే రికార్డు రెండు ప్రతులు పెట్టుకుని ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ వేసే పద్ధతి పట్టాడతను. హిప్‌హాప్ పుట్టింది అక్కడేనంటారు. అలా మొదలైన బ్రేక్ డాన్సు 2024లో పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. మావారు మళ్ళీ పేపరెత్తుకున్నారు. నాకు మాత్రం బడి బట్టల కోసం తాపత్రయపడ్డ ఆ పిల్లే గుర్తుండిపోయింది.

ఆదివారం చీకటుండగానే బీచ్ రోడ్డుకి ప్రయాణం. ఆడపిల్లలున్నారు కదాని నేనూ బయల్దేరాను, రెండు డబ్బాల పులిహోరతో. వెనకాల సముద్రం కనబడాలని పిల్లల కోరిక. మన ఊళ్ళో పొద్దు పొడిచేది సముద్రం మీదే కదా, వెలుగంతా వీపుల మీద పడి మొహాలు బొగ్గుల్లా వచ్చాయి. మూడుసార్లు తీసి చూసుకుని, చివరికి ఫోను సముద్రం వైపుకి మార్చి వాళ్ళు ఎండకి ఎదురుగా నిలబడ్డారు. “సముద్రం కావాలంటే సాయంత్రం రండి, అప్పుడు ఎండ ఊరివైపు నించి పడుతుంది” అన్నాను. వడియాలు ఎండబెట్టేదాన్ని, ఆమాత్రం తెలియదూ!

ఇంకోటి తెలుసుకున్నాను. ఫోను దగ్గరగా పెట్టి వెడల్పు లెన్సుతో తీస్తే అంచున ఉన్నవాళ్ళు సాగిపోయి బండగా కనిపిస్తారట. నాలుగడుగులు వెనక్కి జరిగి మామూలు లెన్సుతో తీస్తే ఉన్నట్టే ఉంటారు. పెళ్ళి ఫోటోల్లో చివర నిలబడే నేను అంత లావుగా ఎందుకొస్తానో ఇన్నాళ్ళకి అర్థమైంది. (కొంత లావు నిజమే అనుకోండి.)

మూడు గంటలు తీశారు. ఆ తరవాత రెండు రాత్రులు మా అమ్మాయి ముక్కలు అతికించింది. బీచ్‌లో స్పీకర్లో వేసిన పాట ఫోనులో గాలి హోరుతో సహా పడుతుంది. దాని కింద అసలు పాట పెట్టి, రెండింటి దరువూ కలిసేదాకా జరిపి, అప్పుడు హోరు పాటని తీసేస్తారు. నెమ్మదిగా కదిలినట్టు కనిపించాలంటే సెకనుకి 60 బొమ్మలు తీసి 30 చొప్పున చూపించాలి. వింటున్నకొద్దీ నాకు ఆవలింతలు, దానికి హుషారు.

అంతా అయ్యాక వచ్చింది అసలు చిక్కు. వాళ్ళలో ఓ నియమముంది. ఏడుగురూ చూడాలి, ఒక్కరు వద్దన్నా వీడియో బయటికి వెళ్ళదు. అన్నిటికంటే బాగా వచ్చిన దాంట్లో ముందు వరస మధ్యలో ఉన్న పిల్ల వద్దంది. మామూలుగా నోట్లోంచి మాట రాని పిల్ల, పాట మొదలైతే మాత్రం చూపు తిప్పుకోలేం. ఇంట్లో తెలియదట. రికార్డులు రాసుకోవాలని చెప్పి మా ఇంటికి వస్తోందట. “మా పెదనాన్నావాళ్ళు చూస్తే మా అమ్మని అంటారు ఆంటీ” అంది.

తనని కాదు, వాళ్ళమ్మని!

మా అమ్మాయి తలుపు ధడాలున వేసుకుని పడుకుంది. నాకు కోపమూ వచ్చింది, భయమూ వేసింది. మా ఇంటి పేరు చెప్పి వస్తోందంటే ఆ అబద్ధంలో నాకూ వాటా ఉన్నట్టే కదా. ఆ రాత్రి ఎందుకో నా ఫోటో ఒకటి గుర్తొచ్చింది. కాలేజీ వార్షికోత్సవంలో నేను డాన్సు చేసిన ఫోటో. పెళ్ళిచూపుల ముందురోజు మా అమ్మ దాన్ని ఆల్బంలోంచి తీసి ఎక్కడో పెట్టింది. మళ్ళీ దొరకలేదు. అడిగితే, “ఏమో, గుర్తులేదే” అనేది పాపం.

మర్నాడు ఆ పిల్లతో “మీ అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? చెప్పేదాకా మేడ మీద ప్రాక్టీసు లేదు” అన్నాను. నన్ను గయ్యాళి అనుకున్నారేమో, అనుకోనీండి. నాలుగు రోజులకి తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. ఆవిడ కుర్చీ అంచున కూచుంది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. వీడియో పెట్టాం. అయిపోయాక కాసేపు మాట్లాడలేదు. “ఇంకోసారి పెట్టమ్మా” అంది మా అమ్మాయితో. రెండోసారి కొంగుతో మూతి తుడుచుకుంటూ చూసింది. మూడోసారి కూతురి మొహంకేసే చూసింది, ఫోనుకేసి కాదు.

“నా ఫోనుకి పంపించండి వదినగారూ. వాళ్ళ నాన్నగారితో నేను మాట్లాడతాను. ఇప్పుడే మాత్రం పెట్టొద్దు” అంది వెళ్తూ వెళ్తూ.

మూడు వారాలైంది. వీడియో ఇంకా మా ఫోనుల్లోనే ఉంది. ఆవిడ ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ పిల్ల మాత్రం ఇప్పుడు రికార్డులు తేకుండా, ఉత్త చేతులతో తిన్నగా మేడెక్కుతోంది. నిన్న సాయంత్రం వాళ్ళమ్మ దాని చేతికి ఓ సంచి ఇచ్చి పంపింది. విప్పి చూస్తే కిలో బియ్యప్పిండి.