మలివయసులో ఇల్లు కొనేముందు



కొన్ని నెలల క్రితం ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఆయన సతీమణి మమ్మల్ని కలవడానికి వచ్చారు. వారిది కర్నూలు. పెద్ద కుమారుడు రియాద్‌లోను, చిన్న కుమారుడు బెంగళూరులోను ఉద్యోగాలు చేస్తున్నారు. కుమార్తె నంద్యాలలో అత్తవారింట ఉన్నది. ఉన్న ఇల్లు పాత మిద్దె. మెట్లు నిటారుగా ఉంటాయి. ఆమెకు మోకాళ్ల నొప్పి, ఆయనకు గుండెలో స్టెంటు. ఆ ఇంటిని అమ్మి, హైదరాబాదు శివార్లలో వృద్ధుల కోసమే నిర్మించిన నివాస సముదాయంలో ఒక ఫ్లాటు కొనాలన్నది వారి ఆలోచన. రంగురంగుల కరపత్రం, సంతకం చేయవలసిన ఒప్పంద పత్రం చేత పట్టుకుని వచ్చారు.

అయితే వారిని కలవరపెడుతున్నది ఆ పత్రం కాదు, పెద్ద కుమారుని ఫోను. “అబ్బా, మేము ముగ్గురం బతికుండగా మీరు వృద్ధాశ్రమంలో చేరుతారా? బంధువులకు మేమేమని సమాధానం చెప్పాలి?” అని అతడు కంటతడి పెట్టుకున్నాడట. ఆ మాట చెబుతూ మాస్టారు తల దించుకున్నారు. “మేము వాళ్ల మీద అలిగి పోవడం లేదు. రాత్రిపూట ఈమె పడిపోతే లేవదీసే మనిషి కావాలి, అంతే” అన్నారు.

ఈ ఇబ్బంది నేడు మన ఇళ్లలో చాలామందిది. అందుకే ఈ నెల ఈ శీర్షికను దీనికే కేటాయిస్తున్నాము.

మొదట ఆ కుమారుని మాట. దివ్యఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలోని 23, 24 ఆయతులు వృద్ధులైన తల్లిదండ్రుల పట్ల సంతానం ఎలా మెలగాలో బోధిస్తున్నాయి. ఆ బాధ్యత ఒకే కప్పు కింద ఉంటేనే మొదలయ్యేది కాదు, ఇల్లు వేరైతే ముగిసేదీ కాదు. తల్లిదండ్రులను వదిలించుకోవడానికి ఎక్కడో చేర్పించడం ఒకటి. తమ కాళ్ల మీద తాము నిలబడి ఉన్నప్పుడే, తమ డబ్బుతో, తమ ఇష్టంతో తల్లిదండ్రులు తమకు అనువైన ఇల్లు ఎంచుకోవడం మరొకటి. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం న్యాయం కాదు. అలాగని నెలనెలా డబ్బు పంపితే కుమారుని బాధ్యత తీరిందని కూడా మేము అనము. ఇంటికి కాపలా ఉండవచ్చు, నర్సు ఉండవచ్చు. కొడుకు గొంతు వినిపించే పని మరెవరూ చేయలేరు.

ఆ తరువాత మేము ఆ దంపతులతో కలిసి రెండు సముదాయాలు చూశాము. అక్కడ చూసినవీ, అడిగినవీ మీ ముందు ఉంచుతున్నాము.

కొంటున్నది ఏమిటో ముందు తెలుసుకోవాలి. ‘వృద్ధుల విల్లా’, ‘విశ్రాంత జీవన గృహం’ అన్న పేర్ల వెనుక మూడు రకాల ఒప్పందాలు ఉంటాయి. మొదటిది పూర్తి విక్రయం: ఇల్లు, దానికి చెందిన అవిభాజ్య భూమి వాటా మీ పేరున రిజిస్టరు అవుతాయి. రెండవది దీర్ఘకాల లీజు: నివసించే హక్కే ఉంటుంది, యాజమాన్యం ఉండదు. మూడవది డిపాజిటు: పెద్ద మొత్తం కట్టి ఉంటారు, వెళ్లిపోయినప్పుడో మరణానంతరమో అందులో కొంత తిరిగి ఇస్తారు. ఈ మూడవ రకంలో ఆ డిపాజిటు మీద వచ్చే వడ్డీతోనే నిర్వహణ ఖర్చులు నడిపే ఏర్పాటు ఉన్నదేమో అడగండి. ఉంటే, సంతకానికి ముందే ఆలిములను సంప్రదించండి.

పూర్తి విక్రయమైతే చట్టం ఇచ్చిన రక్షణలు ఉన్నాయి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అనగా రెరా ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, 8 ఫ్లాట్లకు మించి గాని కట్టే నిర్మాణం రెరాలో నమోదు కావాలి. నమోదు సంఖ్య అడిగి, ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ రెరా వెబ్‌సైటులో సరిచూసుకోవాలి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోరాదు. కొనుగోలుదారుల నుండి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని ఆ నిర్మాణానికే కేటాయించిన ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ధర కార్పెట్ ఏరియా ప్రకారం చెప్పాలి. ఇల్లు అప్పగించిన 5 సంవత్సరాలలోపు నిర్మాణ లోపాలు బయటపడితే బిల్డరే ఉచితంగా బాగుచేయాలి. ఇల్లు పూర్తయిందని చెబితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపమనండి.

భూమి విషయంలో ఈసీ తీయించడం అందరికీ తెలిసినదే. దానితోపాటు రిజిస్ట్రేషన్ శాఖ వారి 22-ఏ నిషేధిత జాబితాను కూడా చూడాలి. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ భూములతోపాటు వక్ఫ్ భూములు కూడా అందులో ఉంటాయి. అల్లాహ్ మార్గంలో ఎవరో అంకితం చేసిన నేల మీద తెలియక మనం ఇల్లు కొనుక్కోకూడదు కదా!

ఇక ఇంటి సంగతి. పరుగెత్తగల వయసువారు చూసినట్టు ఈ ఇంటిని చూడకూడదు. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లతో చూడాలి. తలుపుల వెడల్పు దాదాపు 900 మిల్లీమీటర్లు ఉన్నదా? ర్యాంపు 12 అడుగుల పొడవుకు 1 అడుగుకు మించి ఎత్తు లేకుండా ఉన్నదా? స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఉన్నదా? కరెంటు పోతే అది నడుస్తుందా? స్నానాల గదిలో జారని నేల, గోడకు పట్టుకునే కడ్డీలు, సహాయం కోసం నొక్కే మీట ఉన్నాయా? వృద్ధుల గృహాలపై 2019లో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇటువంటి సదుపాయాలు అందులో ఉన్నాయి. మేము చూసిన మొదటి సముదాయంలో తోట ఎంతో అందంగా ఉన్నది. కాని స్నానాల గది గుమ్మానికి మూడు అంగుళాల మెట్టు ఉన్నది. మాస్టారు సతీమణి ఆ మెట్టు దగ్గర ఆగి, గోడ పట్టుకుని దాటారు. ఏ మాటా అనలేదు.

ఆ ఒప్పంద పత్రం 19వ పేజీలో మరొక మెట్టు కనిపించింది. నివాసి మంచాన పడి నిరంతర పరిచర్య అవసరమైతే, 60 రోజులలో వేరే ఏర్పాటు చేసుకోవాలని అందులో వ్రాసి ఉన్నది. ఏ రోజు కోసం మనిషి ఈ ఇల్లు కొంటున్నాడో, ఆ రోజునే బయటికి పొమ్మనే షరతు అది! అడిగితే, “అలా ఎవరినీ పంపమండీ, అది మామూలుగా వ్రాసేదే” అన్నారు. పంపనివారు ఆ మాట కొట్టివేసి ఇవ్వవచ్చు కదా అంటే సమాధానం రాలేదు. లావాదేవీలను వ్రాతపూర్వకంగా ఉంచుకోవాలన్న ఉపదేశం బఖరా సూరాలోని 282వ ఆయతులో ఉన్నది. నోటి మాట ఎంత తీయగా ఉన్నా, పత్రంలో ఉన్నదే రేపు నిలుస్తుంది. నర్సు రాత్రిపూట ఉంటారా, అంబులెన్సు ఎవరిది, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, మతిమరుపు జబ్బు వస్తే ఏమి చేస్తారు అన్న నాలుగు ప్రశ్నలకు వ్రాతలో జవాబు తీసుకోండి.

నెలసరి ఖర్చును నేటి లెక్కతో చూస్తే పొరపాటు. నిర్వహణ, భోజనం కలిపి నేడు నెలకు 25,000 రూపాయలు అనుకోండి. ఏటా 8 శాతం చొప్పున పెరిగితే 9 ఏళ్లకు అది 50,000, 18 ఏళ్లకు లక్ష రూపాయలు అవుతుంది. 62 ఏళ్ల వయసులో చేరిన మనిషికి అల్లాహ్ ఆయుష్షు ఇస్తే 80 ఏళ్లకు ఆ లెక్క ఎదురవుతుంది. ఏటా ఎంత పెంచవచ్చో పత్రంలో పరిమితి ఉన్నదా? ఇల్లు తిరిగి అమ్మదలిస్తే వయసు షరతు ఉన్నదా? బదిలీ రుసుము ఎంత? ముందుగా సంస్థకే అమ్మాలా? ఇవన్నీ ఇప్పుడే అడగాలి.

మన జీవన విధానానికి సంబంధించిన ప్రశ్నలను మొహమాటం లేకుండా అడగాలి. కొన్ని సముదాయాలలో శాకాహారం మాత్రమే వండుతారు. సొంత వంటగదిలోనైనా మాంసం వండుకోవచ్చా లేదా అన్నది ముందే తెలియాలి. రమజాన్‌లో సహరీ వేళకు భోజనశాల తెరుస్తారా? మస్జిదు నడిచివెళ్లే దూరంలో ఉన్నదా? జుమాకు వాహనం దొరుకుతుందా? ఖబరస్తాన్ ఎక్కడ? కొన్నిచోట్ల ఫోనులో పేరు వినగానే ‘ఖాళీలు లేవు’ అన్న మాట వస్తుందని కూడా మన పాఠకులకు తెలుసు. అటువంటి చోట వాదించి స్థానం సంపాదించవచ్చునేమో గాని, చివరి రోజులు ఎవరి మధ్య గడపాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే.

రెండవ సముదాయం చూసి తిరిగి వస్తుండగా మాస్టారు సతీమణి మొదటిసారి తన మనసులోని మాట బయటపెట్టారు. “మా ఇద్దరిలో ముందు ఆయన వెళ్లిపోతే, ఆ ఇంట్లో నన్ను ఉండనిస్తారా?” మాస్టారు నొచ్చుకున్నారు. “నీ ఇల్లు కాక మరెవరిది?” అన్నారు.

ఆ ప్రశ్నకు ప్రేమతో కాదు, లెక్కతో జవాబు చెప్పాలి. ఇల్లు 60 లక్షల రూపాయలదనీ, అది భర్త ఒక్కరి పేరునే ఉన్నదనీ అనుకుందాము. అప్పులు, వసీయత్ వంటివి పోను మిగిలినది వారసత్వంగా పంచాలి. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె మాత్రమే వారసులైతే, షరీఅత్ ప్రకారం భార్యకు 8వ వంతు, అనగా 7 లక్షల 50 వేలు. కుమారులకు 21 లక్షల చొప్పున, కుమార్తెకు 10 లక్షల 50 వేలు. ఇది అల్లాహ్ నిర్ణయించిన వాటా, ఇందులో అన్యాయమేమీ లేదు. అన్యాయం దానికి ముందే జరిగి ఉండవచ్చు. కర్నూలు ఇంటి స్థలం కొనేటప్పుడు ఆమె తన బంగారం అమ్మి డబ్బు ఇచ్చారు. దస్తావేజులో మాత్రం ఆయన పేరే ఉన్నది. నలభై ఏళ్లుగా ఆమె అడగలేదు, ఆయనకు తోచలేదు. భార్య సొమ్ము భర్త పేరున ఉండిపోతే, రేపు ఆ సొమ్ము కూడా భర్త ఆస్తిగానే పంపకానికి వస్తుంది.

దీనికి మార్గాలు ఉన్నాయి. ఎవరి సొమ్ము ఎంతో లెక్క తేల్చి, కొత్త ఇంటిని ఇద్దరి పేరున, వాటాలు స్పష్టంగా వ్రాసి రిజిస్టరు చేయించుకోవచ్చు. భర్త తన వాటా నుండి భార్యకు జీవితకాలంలోనే హిబా చేయవచ్చు. ఇస్తున్నానన్న ప్రకటన, పుచ్చుకున్నానన్న అంగీకారం, స్వాధీనపరచడం, ఈ మూడూ ఉంటేనే హిబా పూర్తవుతుంది. వీలునామా వ్రాస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సున్నీ ఫిఖ్‌హ్ ప్రకారం ఇతర వారసుల సమ్మతి లేకుండా ఒక వారసునికి వసీయత్ చెల్లదు. వారసులు కానివారికైనా మూడవ వంతుకు మించరాదు. నామినీగా పేరు వ్రాసినంత మాత్రాన కూడా యాజమాన్యం రాదు. ఒక ఆలిమును, ఒక న్యాయవాదిని కలిసి మీ ఇంటి పరిస్థితికి తగిన మార్గం ఎంచుకోండి.

పిల్లల పేరున ముందే ఇల్లు వ్రాసి ఇవ్వాలనుకునేవారికి ఒక మాట. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షన్ ప్రకారం, ఆస్తి పుచ్చుకున్నవారు పోషణ చూడకపోతే ఆ బదిలీని ట్రిబ్యునల్ ద్వారా రద్దు చేయించవచ్చు. అయితే చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే వ్రాయించడం క్షేమం. కోర్టు మెట్లు ఎక్కవలసిన అవసరమే ఏ ఇంటికీ రాకూడదని మా ప్రార్థన.

ఆ దంపతులు ఆ సాయంత్రమే ముగ్గురు పిల్లలతో వీడియో కాల్‌లో మాట్లాడారు. మాస్టారు లెక్క అంతా చెప్పి, తల్లి బంగారం సంగతి కూడా దాచకుండా చెప్పారు. పెద్ద కుమారుడు కొంతసేపు మౌనంగా ఉండి, “అమ్మీ వాటా ముందు రాయించండి అబ్బా, మిగతాది తరువాత చూద్దాం” అన్నాడట. అందమైన తోట ఉన్న మొదటి సముదాయాన్ని వారు వద్దనుకున్నారు. రెండవది చిన్నది, తోట లేదు. కాని మంచాన పడినా ఉండనిస్తామని పత్రంలో ఉన్నది, మస్జిదు పది నిమిషాల నడక. అక్కడ కూడా వెంటనే కొనలేదు. కర్నూలు ఇంటిని అమ్మకుండా, ఒక సంవత్సరం అద్దెకు ఉండి చూస్తున్నారు. కొనదలచినవారందరికీ మేము ఇచ్చే సలహా కూడా ఇదే: వీలైతే అద్దెకు ఉండండి, కనీసం ఒక నెలైనా, రమజాన్ నెల అయితే మరీ మంచిది. అక్కడ ఇదివరకే ఉంటున్నవారిని, ముఖ్యంగా ఒంటరిగా మిగిలినవారిని పలకరించండి. కరపత్రం చెప్పనిది వారు చెబుతారు.

గతవారం ఆమె ఫోను చేశారు. స్నానాల గదికి మెట్టు లేదనీ, మాస్టారు ఫజ్ర్ నమాజుకు మస్జిదుకు నడిచివెళ్తున్నారనీ చెప్పారు. పెద్ద కుమారుడు సెలవుకు వచ్చి పదిహేను రోజులు వారితోనే ఉన్నాడట. “బంధువులు ఏమన్నారు?” అని అడిగాము. “ఇద్దరు ముగ్గురు ఆ చోటు చిరునామా అడిగారు” అన్నారు.

అల్లాహ్ మన పెద్దల మలివయసును గౌరవంతో, నెమ్మదితో గడిపించుగాక! ఆమీన్.