గబ్బిలములపై దండయాత్ర

నిపా జ్వరమను మాట చెవిని బడినంతనే చెట్లు నఱకుడనియు, గబ్బిలములను పొగబెట్టి చంపుడనియు కొందఱు పెద్దమనుష్యులు కేకలు వేయుచున్నారు. విచారణ లేకయే దండించు పద్ధతి రుచి 1919 నాటి రౌలటు చట్టమునందే మన జాతి యెఱిగినది. కావున ముద్దాయి పక్షమున గొంత విన్నవింపక తప్పదు.

గబ్బిలము వైరసులను మోయుట నిజము. ఏల మోయుచున్నది? పాలిచ్చి పెంచు జంతువులలో నిజముగ నెగురగలది యిదియొక్కటే. ఎగురునపుడు దాని దేహోష్ణము మిక్కుటమై లోలోపల గాయములు కలుగును. వాని కెల్ల వాపును జ్వరమును దెచ్చుకొన్నచో నది బ్రతుకజాలదు. అందుచే దాని దేహము వైరసు నణచుచునే, తనపై దాను కోపింపకుండ నేర్చినదని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. ఆ యోర్పు మన దేహమునకు లేదు.

కాని ఆ వైరసును మన గడపకు దెచ్చిన దెవరు? మలేషియాలో పందుల దొడ్లచెంతనే మామిడితోటలు వైచిరి. గబ్బిలములు కొఱికి విడిచిన పండ్లు పందులు తినెను. పందులనుండి కాపరులకు రోగము తగిలెను. అధికారులు తొలుత దోమకాటు మెదడువాపని భ్రమించి దోమలపై యుద్ధము సాగించిరి! 1999 నాటికి 100 మందికి పైగా మృతులైరి. పందిదొడ్డి గబ్బిలము కట్టినదా?

చంపినచో పీడ విరగడయగు నందురా? ఉగాండాలోని కిటాకా గనిని చూడుడు. 2007లో అచటి పనివారికి మార్బర్గు జ్వరము తగులగా గబ్బిలముల నెల్ల నిర్మూలించిరి. గని మరల నిండెను. 2012లో పరీక్షింపగా క్రొత్తవానిలో రోగముగలవి మునుపటికంటె నధికమని తేలినది. ఆ యేడే ఆ ప్రాంతమున జ్వరము ప్రబలినది. ఆస్ట్రేలియాలో హెండ్రా వైరసును శోధించినవారును, శీతకాలమున బూచు నడవులు తఱిగి, ఆకలిగొన్న గబ్బిలములు ఊళ్లు చేరుటచేతనే గుఱ్ఱములకు రోగ మంటుచున్నదని 2022లో ప్రకటించిరి. అడవి నఱికిన చేతులే యిపుడు ఊరి చింతచెట్టుపై గొడ్డలి నెత్తుచున్నవి.

చేయదగినది లేకపోలేదు. బంగ్లాదేశమున పచ్చి యీతనీరు త్రాగుటచే నిపా సోకుచుండగా, కుండలకు వెదురు తడికలు గట్టిరి. ఈతచెట్లు గీచు మనవారి కిది కష్టమా? కొఱికిన పండు పారవేయుట కష్టమా? మఱియు 2018లో కోళికోడు ప్రాంతమున నధికులకు రోగము తగిలినది చెట్టుక్రింద గాదు, ఆసుపత్రి వసారాలలో. శుశ్రూష చేసిన నర్సుయు బలియైనది. మునిసిపాలిటీలు గొడ్డళ్లకు వెచ్చింపదలచిన సొమ్మును నర్సుల చేతితొడుగులకును, జ్వరపీడితులను వేఱుగ నుంచు గదులకును ముందుగా వెచ్చింపవలెను.