ముద్ర సరే, రిజిస్టరులో ఏముంది?

హైదరాబాద్ బస్తీల్లో ‘నోటరీ ఇల్లు’ అంటే ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. స్టాంపు పేపరు మీద అమ్మకం రాసుకుని, సాక్షుల సంతకాలు తీసుకుని, నోటరీ ముద్ర వేయించుకుని చేతులు మారిన ఇల్లది. కొన్నవాళ్లు కరెంటు బిల్లు తమ పేరు మీదికి మార్చుకుంటారు, పిల్లల పెళ్లిళ్లు ఆ ఇంట్లోనే చేస్తారు. అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కినప్పుడు గానీ ఆ కాగితానికి ఉన్న విలువ ఎంతో తెలియదు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా నోటరీ ముద్ర ఒక్కదానితో యాజమాన్యం రాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ), అమ్మకపు ఒప్పందం, వీలునామా కలిపి రాసుకున్నా అంతేనని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2023 జులైలో 84వ నంబరు జీవోతో పట్టణాల్లోని నోటరీ ఆస్తుల క్రమబద్ధీకరణకు పూనుకుంది. దాని మీద హైకోర్టు స్టే ఇచ్చింది. మధ్యలో నలిగింది కొన్న కుటుంబాలే.

అలాగని నోటరీ పనికిమాలిన వ్యవస్థ కాదు. ఫలానా మనిషి ఫలానా రోజున తన ఎదుట సంతకం చేశాడనడానికి నోటరీ ప్రభుత్వం నియమించిన సాక్షి. నోటరీ ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీని కోర్టు మొదట నిజమైనదిగానే భావిస్తుంది. అంతటి నమ్మకానికి ఆధారం ముద్ర కాదు, నోటరీ రాసే రిజిస్టరు.

1956 నాటి నోటరీల నిబంధనలు ఈ విషయంలో చాలా కచ్చితంగా ఉన్నాయి. రిజిస్టరు వాడకం మొదలుపెట్టే ముందే అందులో ఎన్ని పేజీలున్నాయో మొదటి పేజీలో రాసి నోటరీ సంతకం చేయాలి. మధ్యలో కాగితం చించితే పట్టుబడాలన్నదే దాని ఉద్దేశం. ప్రతి పనికీ వరుస సంఖ్య, తేదీ, పత్రం రాసిచ్చిన వ్యక్తి పేరు, చిరునామా, తీసుకున్న ఫీజు, ఆ వ్యక్తి సంతకం ఉండాలి. మనిషి రాకుండానే ముద్ర పడిందన్న వివాదం కోర్టుకెక్కితే నిజం తేల్చగలిగేది ఆ సంతకమే. ఏటా జనవరిలో ప్రభుత్వానికి లెక్క పంపాలి; జిల్లా జడ్జి ఏడాదికి రెండుసార్ల వరకు రిజిస్టరు తనిఖీ చేయవచ్చు.

నోటరీలు పెళ్లి, విడాకుల పత్రాలు తయారుచేయవద్దని కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబరులో హెచ్చరించాల్సి వచ్చింది. రిజిస్టర్లను ఎవరైనా క్రమంగా తిరగేసి ఉంటే అలాంటి పత్రాలు ముందే బయటపడేవి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) ఇంట్లో కూర్చుని చూసుకోగలుగుతున్న రోజులివి. నోటరీ రిజిస్టరులోని వరుస సంఖ్య, తేదీ మాత్రమైనా అలా సరిచూసుకునే వీలు రెండు తెలుగు రాష్ట్రాలూ కల్పించాలి. ఈలోగా నోటరీ దగ్గరికి వెళ్లేవారు ముద్ర పడగానే లేచి రాకూడదు. రిజిస్టరు తెరిపించి, అందులో సంతకం చేసి, ఆ వరుస సంఖ్యను తమ పత్రం మీద రాయించుకోవాలి.